రందా మిషన్‌కు నూనె ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

మన చిన్న వడ్రంగి షెడ్లలో చాలాచోట్ల ఒకే మిషన్ ఉంటుంది. పైన చెక్కను చిత్రిక పట్టే రందా, పక్కన రంపం బ్లేడు, అదే షాఫ్టు చివర డ్రిల్లు బిగించే చక్కు. కింద రెండు హార్స్‌పవర్ మోటారు, మధ్యలో బెల్టు. గుమ్మాలు, తలుపులు, మంచం కోళ్లు అన్నీ దాని మీదే తయారవుతాయి. అది ఆగిందంటే ఆ రోజు ఇద్దరు ముగ్గురు మనుషులు ఖాళీగా కూర్చోవాల్సిందే. అందుకే దాన్ని ఎలా చూసుకోవాలో, చేసే వరుసలోనే చెబుతున్నాను.

నేను చూసిన మిషన్లలో నూనె చాలక పాడైనవి తక్కువ. పొట్టు తీయకుండా దాని మీదే నూనె పోయడం వల్ల పాడైనవే ఎక్కువ. రంపపు పొట్టు నూనెను పీల్చుకుని ముద్ద అవుతుంది. టేకు కర్రలో సహజంగానే సిలికా ఉంటుంది. రంపం తొందరగా మొద్దుబారేది దాని వల్లే. అలాంటి పొట్టు నూనెతో కలిసి షాఫ్టు పక్కన చేరితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కాబట్టి నూనె డబ్బా చివరన తీయండి. ముందు బ్రష్షు తీయండి.

కరెంటు, బట్టలు

స్విచ్ ఆపితే చాలదు. సింగిల్ ఫేజ్ అయితే ప్లగ్గు పీకి మీకు కనిపించే చోట పెట్టుకోండి. త్రీ ఫేజ్ అయితే మెయిన్ దించి ఫ్యూజులు తీసి జేబులో వేసుకోండి. పని మధ్యలో కరెంటు పోయినప్పుడు స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. ఆ సంగతి మరిచి బ్లేడు మీద చెయ్యి పెట్టిన సమయానికి కరెంటు వస్తే వేళ్లు పోతాయి. మెడలో తువ్వాలు తీసేయండి, లుంగీతో మిషన్ దగ్గరికి రావద్దు. బ్లేడ్లు విప్పేటప్పుడు మందపాటి గ్లవ్స్ వేసుకోండి, మిషన్ తిరుగుతున్నప్పుడు మాత్రం గ్లవ్స్ అస్సలు వద్దు. షాఫ్టు గుడ్డను పట్టుకుందంటే చేతిని కూడా లాక్కుపోతుంది.

పొట్టు దులపడం

రెండంగుళాల పెయింటు బ్రష్షు ఒకటి మిషన్‌కే కేటాయించండి. రందా బ్లేడ్లు బిగించి తిరిగే కట్టర్ బ్లాక్ చుట్టూ, చెక్కను ఆనించి తోసే బెడ్డు కింద, బేరింగు దిమ్మల మీద, మోటారు వెనక ఫ్యాన్ జాలీ మీద ఉన్న పొట్టును ముందు బ్రష్షుతో దులపండి. ఆ తరువాతే బ్లోయర్. చాలామంది నేరుగా బ్లోయర్‌తో మొదలుపెట్టి గాలిని బేరింగు మీదికే కొడతారు. బయట ఉండాల్సిన ధూళి ఆ దెబ్బకు సీలు సందులోంచి లోపలికి పోతుంది. గాలి కొట్టాలంటే బేరింగుకు అడ్డంగా, బయటి వైపుకు కొట్టండి.

ఈ పని చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి. చెక్క ధూళి మనుషుల్లో క్యాన్సర్ తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి చెప్పింది. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకు ముప్పు. మూతికి చేతిరుమాలు కట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు.

బెడ్డుకు, రోలర్లకు పట్టిన బంకను కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. ఆ గుడ్డల గురించి చివర్లో చెబుతాను.

బేరింగులు

మిషన్ ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా చూడండి.

ముందు మీ మిషన్‌కు ఏ బేరింగు ఉందో తెలుసుకోండి. నంబరు దాని అంచు మీదే చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 6205 అంటే 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు సరిపడేది, బయటి వ్యాసం 52, మందం 15. నంబరు పక్కన జెడ్‌జెడ్ అని ఉంటే రెండు వైపులా రేకు మూతలున్నట్టు, 2ఆర్‌ఎస్ అని ఉంటే రబ్బరు సీళ్లున్నట్టు. ఈ రెండు రకాలకూ గ్రీజు కంపెనీలోనే నింపి మూసేస్తారు. వీటికి మీరు పెట్టాల్సింది ఏమీ లేదు. పైనుంచి నూనె పోస్తే లోపలి గ్రీజు పలచబడి బయటికి కారుతుంది, ఆ జిడ్డుకు పొట్టు అంటుకుంటుంది. అవి అరిగాక మార్చడమే.

ఎక్కువ రందా మిషన్లలో షాఫ్టుకు రెండు వైపులా ఇనుప దిమ్మల్లో కూర్చున్న బేరింగులుంటాయి. షాపులో యూసీపీ 205, 206 అని అడుగుతాం. దిమ్మ పైన గ్రీజు గన్ను మూతి తగిలించే చిన్న నిప్పుల్ కనిపిస్తుంది. గ్రీజు పెట్టాల్సింది దీనికే, అదీ లెక్కగా.

మా షెడ్డులో ఒక కుర్రాడు పనిచేసేవాడు, చాలా శ్రద్ధ గలవాడు. ప్రతి శనివారం సాయంత్రం గ్రీజు గన్ను పట్టుకుని, సీలు పక్కనుంచి గ్రీజు పొంగి కారేదాకా నొక్కేవాడు. మిషన్‌ను బాగా చూసుకుంటున్నాడని నేనూ మెచ్చుకునేవాణ్ని. ఒక వానాకాలం మద్ది చెక్క రందా పడుతుంటే కాలిన వాసన వచ్చింది. మిషన్ ఆపి దిమ్మ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. విప్పి చూస్తే సీలు బయటికి తోసుకొచ్చి ఉంది. లోపల గ్రీజు బదులు గోధుమ రంగు పేస్టు. దాన్ని వేళ్ల మధ్య నలిపితే ఇసుక తగిలినట్టు గరగరలాడింది. బేరింగు బిగుసుకుపోయి, షాఫ్టు దాని లోపలే తిరిగి అరిగిపోయింది. బేరింగుకు అయిన ఖర్చు తక్కువే. షాఫ్టును లేత్ షాపుకు తీసుకెళ్లి అరిగిన చోట స్లీవ్, అంటే ఇనుప తొడుగు, ఎక్కించడానికే వారం పట్టింది. అతను చేసిన తప్పు గ్రీజు మరిచిపోవడం కాదు, ఎక్కువ పెట్టడం. బేరింగు దిమ్మలో ఖాళీ చోటులో మూడో వంతు గ్రీజు ఉంటే సరిపోతుంది. నిండా కుక్కితే బంతులు గ్రీజును చిలుకుతూ తిరుగుతాయి, ఆ చిలుకుడుకే వేడి పుడుతుంది.

ఇప్పుడు మేం చేసే పద్ధతి ఇది. నిప్పుల్ తలను, గన్ను మూతిని గుడ్డతో శుభ్రంగా తుడుస్తాం. తుడవకపోతే మొదట లోపలికి పోయేది ధూళే. ఒకరు షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు గన్నును ఒకటి, మహా అయితే రెండు సార్లు నొక్కుతారు. అంతే. బయటికి వచ్చిన గ్రీజును తుడిచేస్తాం. మిషన్ రోజంతా నడిచే షెడ్డులో నెలకోసారి, వారానికి రెండు మూడు రోజులే నడిచేచోట రెండు మూడు నెలలకోసారి పెడితే చాలు. గ్రీజు పెట్టిన మొదటి గంట రెండు గంటలు దిమ్మ మామూలుకన్నా కొంచెం వెచ్చగా ఉంటుంది, కంగారు పడకండి. తరువాత తగ్గాలి. సాయంత్రానికి కూడా చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఎక్కువ పెట్టారన్నమాట, లేదా బేరింగు పోతోందన్నమాట.

ఏ గ్రీజు? షాపులో లిథియం గ్రీజు, 2వ నంబరు అని అడగండి. ఏపీ3 అని దొరికేది కొంచెం గట్టిది. లారీ చక్రాలకు బాగా సరిపోతుంది. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగే రందా షాఫ్టుకు మాత్రం నేను 2వ నంబరే వాడతాను. లారీ పట్టాలకు పూసే నల్లటి గ్రాఫైట్ గ్రీజు బాల్ బేరింగులో పెట్టకండి. రంగు చూసి రకాన్ని పోల్చుకోవడం కుదరదు, రంగు కంపెనీ కలిపేదే. ఒక రకం గ్రీజు ఉన్న చోట ఇంకో రకం కలిపితే కొన్నిసార్లు రెండూ విరిగి నీళ్లలా కారిపోతాయి. మార్చాలనుకుంటే దిమ్మ విప్పి, పాతది పూర్తిగా తుడిచి, కొత్తది పెట్టండి. కాలిన ఇంజిన్ ఆయిల్ ఉచితంగా వస్తుందని దాన్నే మిషన్ అంతా పూసేవాళ్లున్నారు. దానిలో మసి, లోహపు రజను ఉంటాయి. కొబ్బరి నూనె కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది, చలికాలం పొద్దున్నే గడ్డ కడుతుంది. రెండూ వద్దు.

బేరింగు ఎలా ఉందో విప్పకుండానే తెలుసుకోవచ్చు. బెల్టు తీసేయండి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను దిమ్మ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించుకోండి. షాఫ్టును చేత్తో తిప్పమనండి. సైకిల్ చక్రం ఖాళీగా తిరిగినట్టు సన్నగా, ఒకేలా వినిపిస్తే బాగున్నట్టు. ఇసుక నలిగినట్టు కరకరమంటే లోపలికి ధూళి పోయింది. చుట్టుకోసారి టక్కుమంటే బంతో, అది తిరిగే గాడో దెబ్బతింది, దాన్ని ఇక నమ్మకండి. తరువాత షాఫ్టు కింద కర్ర పెట్టి పైకి ఎత్తి చూడండి. లొటలొటలాడకూడదు. దిమ్మ బేరింగుకు షాఫ్టు పక్కన దాన్ని షాఫ్టుకు బిగించి పట్టే రెండు చిన్న తలలేని మరలు, గ్రబ్ స్క్రూలుంటాయి. ఎలన్ కీ పెట్టి అవి బిగువుగా ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడండి. అవి వదులైనా షాఫ్టు బేరింగు లోపల జారి అరుగుతుంది.

బేరింగుకు నూనె వద్దన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. పాత లేత్‌లలో, కొన్ని పాత రంపం మిషన్లలో బాల్ బేరింగు బదులు గన్‌మెటల్ బుష్, అంటే షాఫ్టు తిరిగే కంచు గొట్టం ఉంటుంది, పైన నూనె గిన్నో రంధ్రమో ఉంటుంది. బుష్ నూనె పొర మీదే తిరుగుతుంది. దానికి రోజూ పొద్దున పని మొదలుపెట్టేముందు రెండు మూడు చుక్కల మిషన్ ఆయిల్ పడాల్సిందే. ఏటికొప్పాక లాంటి చోట అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క పట్టించేవాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. లక్క తునకలు బెడ్డు మీద పడి అతుక్కుపోతాయి, ఆ రోజుకారోజు గీకేయకపోతే కదిలే భాగం పట్టేస్తుంది.

బెల్టు, పుల్లీ

బెల్టుకు నూనె తగలకూడదు. రబ్బరు ఉబ్బి జారుతుంది. జారుతోందని గుగ్గిలం పొడి చల్లితే ఆ పూటకు పట్టుకుంటుంది కానీ దాని మీద ధూళి చేరి పుల్లీ గాడిని తినేస్తుంది. జారే బెల్టుకు మందు బిగువు సరిచేయడమే. రెండు పుల్లీల మధ్య అర మీటరు దూరముంటే, మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు సుమారు 8 మిల్లీమీటర్లు దిగాలి. అంతకన్నా బిగించితే భారమంతా బేరింగుల మీద పడుతుంది. రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో వాటి ముఖాల మీదుగా దారం లాగి చూడండి. దారం నాలుగు చోట్లా తాకాలి. జంట బెల్టులుంటే రెండూ ఒకేసారి మార్చాలి. పాతదాని పక్కన కొత్తది వేస్తే లాగుడంతా ఒకదాని మీదే పడుతుంది.

పుల్లీ లెక్క కూడా తెలిసి ఉండాలి. మోటారు 1440 చుట్లు, మోటారు పుల్లీ 8 అంగుళాలు, షాఫ్టు పుల్లీ రెండున్నర అంగుళాలు అనుకుందాం. 1440ని 8తో గుణించి రెండున్నరతో భాగిస్తే 4,608. రందాకు ఇది సరైన వేగమే. మోటారు కాలిపోయి, తొందరలో 2880 చుట్ల మోటారు తెచ్చి అదే పుల్లీ వేశారనుకోండి, షాఫ్టు తొమ్మిది వేలు దాటుతుంది. బ్లేడు విరిగి ఎగిరొచ్చే వేగం అది. మోటారు మార్చినప్పుడల్లా నేమ్‌ప్లేటు చదివి ఈ లెక్క వేయండి. రంపం బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగాన్నీ పోల్చి చూడండి.

మోటారు విషయంలో మీరు చేయాల్సింది తక్కువే. ఫ్యాన్ జాలీ ఖాళీగా ఉంచండి, గాలి ఆడితేనే వైండింగ్ చల్లబడుతుంది. వోల్టేజీ తక్కువున్నప్పుడు లావు చెక్క తోయకండి. సింగిల్ ఫేజ్ మోటారు తిరగకుండా గుయ్యిమంటుంటే వెంటనే ఆపేయండి, చాలాసార్లు అది కెపాసిటరే. ప్లగ్గు పీకాక కూడా దానిలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లతోనే మార్పించండి.

రందా బ్లేడ్లు, రంపం

మొద్దుబారిన బ్లేడు మోటారును, బేరింగును కూడా పాడుచేస్తుంది. చెక్కను మామూలుకన్నా గట్టిగా తోయాల్సి వస్తోందంటే, కోసిన అంచు నల్లగా మాడుతోందంటే సాన పట్టించే సమయం వచ్చినట్టే. అయితే ముందు కడిగి చూడండి. చాలాసార్లు పదును ఉంటుంది, దాని మీద బంక పేరుకుని ఉంటుంది అంతే. గోరువెచ్చని నీళ్లలో తినే సోడా కలిపి రంపం చక్రాన్ని పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమండి. కార్బైడ్ పళ్లను ఇనుప ముక్కతో గీకొద్దు, అవి గట్టివే కానీ పెళుసు. కడిగాక వెంటనే తుడిచి ఎండబెట్టండి.

రందా బ్లేడ్లు తిరిగి బిగించేటప్పుడు అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. దీనికి ఖరీదైన గేజ్ అక్కర్లేదు. తిన్నగా చిత్రిక పట్టిన కర్ర బద్దను వెనక బెడ్డు (చెక్క బయటికి వచ్చే వైపుది) మీద, కట్టర్ మీదికి వచ్చేలా పెట్టండి. బెడ్డు అంచు దగ్గర బద్ద మీద పెన్సిల్ గీత గీయండి. కట్టర్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. బ్లేడు బద్దను తాకి కొద్దిగా లాగి వదిలేస్తుంది. ఎంత జరిగిందో గీత చెబుతుంది, సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. బ్లేడు రెండు చివర్లా, మధ్యలో, అలాగే మిగతా బ్లేడ్లతో కూడా అంతే జరగాలి. ఒకచోట ఎక్కువ లాగితే అక్కడ బ్లేడు పైకి ఉన్నట్టు, అసలు తాకకపోతే కిందికి ఉన్నట్టు. బోల్టులను మధ్యలోంచి చివర్లకు, మొదట లూజుగా, రెండో విడతలో గట్టిగా బిగించండి. అన్నీ అయ్యాక ఇంకొకరి చేత మళ్లీ పానా పెట్టించి చూపించుకోండి. బ్లేడు బోల్టుల దగ్గర మీ జ్ఞాపకాన్ని మీరే నమ్ముకోవద్దు.

బెడ్డుకు, మరలకు మైనం

బయటికి కనిపించే జారుడు భాగాలకు, బెడ్డు ఎత్తు మార్చే మరకు, రంపం పక్క గైడుకు నూనె కన్నా మైనం మేలు. పొట్టు దానికి అంత అంటుకోదు. మరను ఇనుప బ్రష్షుతో, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, మామూలు కొవ్వొత్తి ముక్కతో మర పళ్ల మీద రుద్ది, పైకీ కిందికీ రెండుసార్లు తిప్పండి. బెడ్డు మీద కూడా మైనం రుద్ది, గుడ్డతో మెరిసేదాకా తుడవండి. చెక్క చేతి కింద సాఫీగా జారుతుంది, తుప్పూ తగ్గుతుంది. సిలికాన్ స్ప్రేలు మాత్రం వడ్రంగి షెడ్డులోకి రానివ్వకండి. ఆ పొర చెక్కకు అంటితే తరువాత పాలిష్ కొట్టినప్పుడు చేపకళ్లలాంటి గుంటలు పడతాయి, ఎంత రుద్దినా పోవు.

కోస్తాలో వానాకాలం రాత్రికి రాత్రే బెడ్డు మీద తుప్పు లేస్తుంది. పని అయ్యాక పొడి గుడ్డతో తుడిచి గోనెసంచి కాకుండా పొడి చెక్క పలకను కప్పండి, సంచి తేమను పట్టి ఉంచుతుంది. పచ్చి తుమ్మ కర్రను బెడ్డు మీద వదిలి వెళ్లకండి. దానిలోని వగరు ఇనుముతో కలిసి తెల్లారేసరికి కర్రకూ బెడ్డుకూ సిరా పోసినట్టు నల్లటి మచ్చ పడుతుంది.

చేతి మిషన్లు, గుడ్డలు

చేతి రందా, చేతి రంపంలో చూసుకోవాల్సింది ముఖ్యంగా కార్బన్ బ్రష్షులు, అంటే మోటారులో తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు. లోపల నిప్పురవ్వలు పెద్దగా కనిపిస్తే విప్పి, పొట్టిగా అయితే జతగా మార్చండి.

కిరసనాయిలు, నూనె పీల్చిన గుడ్డలను పొట్టు కుప్పలో వేయకండి. అవిసె నూనె పాలిష్ తుడిచిన గుడ్డ అయితే మరీ ప్రమాదం. ఉండ చేసి పడేస్తే అగ్గిపుల్ల అవసరం లేకుండానే లోపల వేడెక్కి అంటుకుంటుంది. విడిగా పరిచి ఆరుబయట ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

దసరాకు ఒకసారి అంతా విప్పండి

ఏడాదికోసారి చేసే పెద్ద పనికి ఆయుధ పూజ కన్నా మంచి సమయం లేదు, ఎలాగూ ఆ రోజు మిషన్ ఆగుతుంది. ముందురోజే గార్డులు, బెల్టులు, బ్లేడ్లు విప్పి శుభ్రం చేసి, దిమ్మల్లో గ్రీజు మార్చి, పునాది బోల్టులు బిగించండి. పూజ అయ్యాక పసుపు కుంకుమ తడి, కొబ్బరి నీళ్లు బెడ్డు మీద ఎండిపోనివ్వకండి. బొట్టు పెట్టిన చోటు తప్ప మిగతాదంతా తుడిచి మైనం పట్టించండి. మళ్లీ పని మొదలుపెట్టే రోజు మొదటి ఐదు నిమిషాలు చెక్క పెట్టకుండా, కట్టర్‌కు ఎదురుగా నిలబడకుండా, ఖాళీగా నడపండి.

అప్పుడే స్విచ్ ఆపి, షాఫ్టు పూర్తిగా ఆగేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ఆ అంకెను తేదీతో పాటు, బేరింగు నంబరు, బెల్టు నంబరుతో పాటు మోటారు పక్క గోడ మీద పెయింటుతో రాయండి. నెలకోసారి గ్రీజు పెట్టే రోజున మళ్లీ లెక్కపెట్టి చూడండి. ఇరవై సెకన్లు తిరిగేది పదికే ఆగుతుంటే ఆ సాయంత్రమే బెల్టు తీసి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించండి.